ఎరుపు కోసం వెతికినన్నాళ్లూ కనబడని పక్షి: మలబార్ ట్రోగన్‌తో నా అనుభవం

మలబార్ ట్రోగన్‌ని నేను మొదటిసారి చూశానని అనుకున్నది రెండేళ్ల క్రితం. పొడిగా ఉండే ఓ ఆకురాల్చే అడవిలో, పొద్దున తొమ్మిదింటప్పుడు, చెట్ల పైకొమ్మల్లో ఎర్రగా ఏదో మెరిసి మాయమైంది. ఎరుపు, పక్కన కాస్త నలుపు. ఒక్క క్షణం. ఆ వారమంతా ట్రోగన్ బొమ్మలే చూస్తూ ఉన్నాను కాబట్టి, కంటికి ఎరుపు తగలగానే మిగతా పక్షినంతా మనసే పూర్తి చేసేసుకుంది. ఆ రాత్రే, పక్షులు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నా జాబితాలో ‘మలబార్ ట్రోగన్, ఒకటి’ అని వేసేశాను. వివరాలు రాయమన్న గడిని ఖాళీగా వదిలేశాను.

నాలుగు రోజుల తర్వాత, ఆ ప్రాంతం జాబితాలు సరిచూసే వాలంటీర్ ఒకరు మెయిల్ రాశారు. చాలా మర్యాదగా రాశారు. అడిగినవి ఐదే ప్రశ్నలు. పక్షి ఎంత ఎత్తులో ఉంది? కూర్చుని కనబడిందా, ఎగురుతూనా? ఒంటరిగా ఉందా, గుంపులో ఉందా? వీపు ఏ రంగు? రొమ్ముకి అడ్డంగా తెల్లటి పట్టీ చూశారా?

వీపు చూడలేదు. పట్టీ చూడలేదు. నాకు తెలిసిన సంగతులేమో ట్రోగన్‌కి పొసగనివి. చెట్టు చిటారున, ఎగురుతూ, అదే సైజు పిట్టలు ఐదారు వెంట ఉండగా కనబడింది. అలా గుంపులుగా పైకొమ్మల్లో తిరుగుతూ ఎర్రగా మెరిసేది మినివెట్ మగ పిట్ట. మెయిల్ చదివిన పది నిమిషాల్లో ఆ ఎంట్రీ తీసేశాను. కానీ చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది. నేను సరదాగా వేసిన ఆ ఒక్క అంకె, రేపు ఎవరో ఈ పక్షి ఎక్కడెక్కడ బతుకుతోందో పటం గీస్తే అక్కడొక తప్పుడు చుక్క అయ్యేది. లేని చోట ఉందని చెప్పడం కూడా ఆ పక్షికి హాని చేయడమే.

అప్పటినుంచి ఈ పక్షిని సరిగ్గా చూడాలన్న పట్టుదల మొదలైంది.

ముందు దాని గురించి చదివాను. ట్రోగన్ల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద నలభైకి పైగా జాతులున్నాయి. అమెరికా ఖండాల్లో, ఆఫ్రికాలో, ఆసియాలో, ఎక్కువగా ఉష్ణమండలపు అడవుల్లోనే ఉంటాయి. గ్వాటెమాలా వాళ్లు తమ డబ్బుకి పేరు పెట్టుకున్న కెట్జాల్ పక్షి కూడా ఈ కుటుంబానిదే. మన దేశంలో మూడే జాతులు. ఎర్రతల ట్రోగన్ హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటుంది. వార్డ్స్ ట్రోగన్ ఆ ఈశాన్యంలోనే ఇంకా పై ఎత్తుల్లో ఉంటుంది. దక్షిణాదికి మిగిలింది మలబార్ ట్రోగన్ ఒక్కటే. పడమటి కనుమలు, శ్రీలంక, మధ్య భారతంలో కొన్ని కొండలు, మన తూర్పు కనుమలు దాని ఇల్లు. మలయాళంలో దీన్ని ‘తీక్కాక్క’ అంటారు, అంటే నిప్పుకాకి. వినడానికి ఎంత బాగుందో! నన్ను తప్పుదారి పట్టించింది కూడా ఇలాంటి పేర్లేననిపిస్తుంది. నిప్పు అనగానే దూరం నుంచే భగ్గున కనబడుతుందని అనుకుంటాం.

పుస్తకంలో బొమ్మ కూడా అంతే. మగ పక్షి మనవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. నల్లటి తల, నల్లటి రొమ్ము, దాని కింద సన్నటి తెల్ల పట్టీ, అక్కణ్ణుంచి పొట్టంతా గులాబీ కలిసిన ఎరుపు. ఆ బొమ్మని రోజూ చూస్తూ, అడవికి వెళ్లినప్పుడల్లా ఆ ఎరుపునే వెతికాను. రెండేళ్లలో మూడు అడవులు తిరిగాను. ఒక్కసారి కూడా దొరకలేదు.

మధ్యలో ఒక పని మాత్రం బాగా చేశాను. దాని కూత నేర్చుకున్నాను. రికార్డింగులు తెచ్చుకుని పడుకునే ముందు ఇయర్‌ఫోన్స్‌లో వినేవాణ్ణి. గొంతు కాస్త బొంగురుగా, మెత్తగా, ‘క్యూ... క్యూ... క్యూ...’ అని నాలుగైదు సార్లు, ఒకే ఎత్తులో, పెద్ద తొందరేమీ లేకుండా అంటుంది. ఎక్కడో పక్క గదిలో పిల్లి మూలిగినట్టుంటుంది. బెదిరితే వేరే శబ్దం చేస్తుంది, ‘కర్ర్ర్’ అని గొంతులో దొర్లించినట్టు. ఈ రెండూ నిద్రలో లేపి వినిపించినా గుర్తుపట్టేంత వరకు విన్నాను.

ఆ రికార్డింగ్‌ని అడవిలో మాత్రం ఎప్పుడూ ప్లే చేయలేదు. ప్లేబ్యాక్ పెడితే పక్షి దగ్గరికి వస్తుంది, నిజమే. తన జాగాలోకి ఇంకో ట్రోగన్ చొరబడిందని కంగారుపడి వస్తుంది. లేని శత్రువుని వెతుక్కుంటూ తిండి మానేస్తుంది, గూడు వదిలేసి వస్తుంది. మన దగ్గర వీటి గూడు కాలం సుమారుగా ఫిబ్రవరి నుంచి మే వరకు, వానలు పడకముందే. నేను వెళ్లింది జనవరి చివర్లో. అంటే జోడీలు అప్పుడప్పుడే జాగా చూసుకునే రోజులు. అలాంటప్పుడు వాటికి అబద్ధపు కూత వినిపించడం నాకు మనసొప్పని పని. ఫొటో కోసం స్పీకర్ మోగించేవాళ్లని చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

మారేడుమిల్లి వెళ్లాలని నిర్ణయించుకోవడానికి కారణం ఆ అడవి తీరే. తూర్పు కనుమల్లో చాలా భాగం పొడి అడవి. మారేడుమిల్లి చుట్టుపక్కల కొండల్లో మాత్రం తేమ ఎక్కువ. వాగుల వెంబడి చెట్లు ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. కింద వెదురు, పైన మద్దిచెట్లు, వేగిస చెట్లు, వాటిని చుట్టుకుని పాకే అడ్డతీగలు, మధ్యమధ్యలో జీలుగు చెట్లు. ఎండ కిందికి దిగేటప్పటికి పచ్చగా మారిపోతుంది. ట్రోగన్‌కి కావలసింది సరిగ్గా అలాంటి నీడే. తూర్పు కనుమల్లోని ఈ ఉత్తర భాగం పక్షుల గురించి విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు, అమెరికన్ పక్షి శాస్త్రవేత్త డిలన్ రిప్లీ లాంటివాళ్లు 1980ల్లోనే ఎంతో పని చేశారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వాళ్ల వ్యాసాలొచ్చాయి. పడమటి కనుమల్ని మెచ్చుకున్నంతగా మన కొండల్ని మనమే మెచ్చుకోం. అది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

అనుమతి తీసుకుని, ఆ ఊళ్లవాడే అయిన, కొండరెడ్డి తెగకు చెందిన ఒక గైడ్‌తో వెళ్లాను. యాభై ఏళ్లుంటాయేమో. నేను ‘అన్నా’ అన్నాను, ఆయన ‘సారూ’ అన్నాడు. మొదటి రోజు పొద్దున ఆరున్నరకి నడక మొదలుపెట్టాం. మంచు దట్టంగా ఉంది. ఆకుల మీద పేరుకున్న నీళ్లు చినుకుల్లా పడుతున్నాయి. ఎక్కడో అడవి కోడి కూసింది. మాట్లాడుకోకుండా ఓ అరగంట నడిచాక ఆయన అడిగాడు.

“ఏ పిట్ట కోసం వచ్చారు సారూ?”

పుస్తకం తీసి బొమ్మ చూపించాను. కాసేపు చూసి తలూపాడు.

“ఇది ఉంటది. గానీ మీకు ఇట్టా కనబడదు.”

“అంటే?”

“ఇది మనల్ని చూడగానే అటు తిరిగి కూకుంటది. మీకు వీపే కనబడేది. ఎర్రటిది వెతక్కండి. ఎండుటాకులా ఉండేది వెతకండి.”

ఈ మాట విని నేను నిలబడిపోయాను. పుస్తకంలో ఈ సంగతి లేకపోలేదు. కొమ్మ మీద నిటారుగా, కదలకుండా, తరచు మనకి వీపు పెట్టి కూర్చుంటుందని చదివాను. చదివాను, కానీ కళ్లకి నేర్పలేదు. రెండేళ్లు ఎరుపునే వెతికాను. ఎన్నిసార్లు దాని వీపుని చూసి ఎండుటాకుల గుత్తి అనుకుని ముందుకెళ్లిపోయానో!

తర్వాత ఆలోచిస్తే ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. దట్టమైన నీడలో ఎరుపు ఎర్రగా ఉండదు. ఆకుల్లోంచి వడకట్టుకుని దిగే వెలుతురులో ఎరుపు పాలు తక్కువ. ఎండ పొడ పడితే తప్ప ఆ పొట్ట కూడా ముదురు గోధుమరంగులో, కాస్త నల్లగా కనబడుతుంది. ఫొటోల్లో చూసే భగభగలాడే ఎరుపు, కొంత అదృష్టం, కొంత ఫ్లాష్.

మొదటి రోజంతా ఎండుటాకుల్ని వెతికాం. ఎండుటాకులే దొరికాయి.

రెండో రోజు ఏడుంబావుకి వాగు మలుపు దగ్గర నిలబడ్డాం. అప్పుడు వినబడింది. ‘క్యూ... క్యూ... క్యూ... క్యూ.’ గైడ్ చేయి పైకెత్తాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. రెండేళ్లుగా ఇయర్‌ఫోన్స్‌లో విన్న శబ్దం, మొదటిసారి గాల్లోంచి వచ్చింది.

కానీ ఎక్కణ్ణుంచో తెలియలేదు. ఈ కూతతో వచ్చే తంటా అదే. లోగొంతుతో, మెత్తగా ఉండటం వల్ల దిక్కు అందదు. ఒకసారి ఎడమవైపు వాగు అవతల అనిపించింది, ఇంకోసారి సరిగ్గా నెత్తిమీదే అనిపించింది. గైడ్ రెండు అరచేతుల్నీ చెవుల వెనక దొప్పల్లా పెట్టుకుని మెల్లగా తల తిప్పాడు. నేనూ అలాగే చేశాను. ఒక వైపు తిరిగినప్పుడు కూత స్పష్టంగా, ఇంకో వైపు తిరిగితే మసగ్గా వినబడింది. అలా రెండు మూడుసార్లు చేస్తే వాగు ఇవతలే, కుడివైపు ఏటవాలులోనని తేలింది. పది అడుగులు వేశాం. మళ్లీ ఆగాం. కూత ఆగిపోయింది.

ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. కాలు తిమ్మిరెక్కింది. ఆ ఇరవై నిమిషాల్లో వెళ్లిపోదామని రెండుసార్లు అనిపించింది.

ఆ తర్వాత పిట్టల గుంపు వచ్చింది. అడవిలో ఇది చూడవలసిన దృశ్యం. అంతవరకు ఖాళీగా ఉన్న చెట్లు ఒక్కసారిగా నిండిపోతాయి. ముందు రాకెట్ తోక డ్రోంగో, తోకనుంచి రెండు సన్నటి తీగలు, చివర రెండు నల్లటి ముద్దలు వేలాడుతుంటాయి. కాండం మీద తలకిందులుగా పాకే నీలం నట్‌హ్యాచ్. ఆకుల మధ్య నల్లకుచ్చు మోనార్క్. పైన మినివెట్లు, ఎర్రగా మగవి, పసుపుగా ఆడవి. నా పాత తప్పు నా నెత్తిమీదే గుంపుగా ఎగురుతోంది. ఇన్ని రకాలు కలిసి తిరగడానికి కారణముంది. ఒకటి ఆకుని కదిపితే అందులోంచి లేచిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది, డేగ వస్తే ఎవరో ఒకరు ముందు చూసి అరుస్తారు. ట్రోగన్ కూడా ఇలాంటి గుంపుల్ని అంటిపెట్టుకుని, వాటి కింది అంతస్తులో మెల్లగా వెళుతుందని చదివాను. కాబట్టి పైన జరుగుతున్న సంబరాన్ని బలవంతాన వదిలేసి, కింది కొమ్మల్నే చూశాను. నాలుగైదు మీటర్ల ఎత్తు. కదలనివాటిని మాత్రమే.

“సారూ. ఆ ఒంగిన వెదురు పక్కన. కొమ్మ మీద. కదలకండి.”

చూశాను. ఏమీ లేదు. కొమ్మ, దానిమీద ఎండుటాకులు చిక్కుకున్న ముద్ద.

ముద్దకి తోక ఉంది.

ఇలాంటప్పుడు చేసే పెద్ద తప్పు ఒకటుంది. బైనాక్యులర్స్ కోసం కిందికి చూడటం. ఒకసారి కళ్లు పక్కకి తిప్పితే ఆ కొమ్మ మళ్లీ దొరకదు. కళ్లని అక్కడే పాతేసి, బైనాక్యులర్స్‌నే కళ్లదాకా తెచ్చుకోవాలి. ఇది ఇంటి దగ్గర వందసార్లు సాధన చేశాను. అయినా చేతులు వణికాయి. నాది ఎనిమిది రెట్లు చూపించే ఎయిట్ బై ఫార్టీటూ. ఆ నలభై రెండు మిల్లీమీటర్ల అద్దం ఇలాంటి చీకటి అడవిలోనే అక్కరకొస్తుంది. వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది.

వీపు కనబడింది. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, ఎక్కడా మచ్చ లేదు. తల కూడా అదే రంగు. మెడ అనేదే లేనట్టు తల భుజాల్లోకి దిగిపోయి, నిటారుగా కూర్చుంది. తోక పొడుగ్గా, తుప్పు రంగులో, కిందికి నిలువుగా వేలాడుతూ, చివర కత్తిరించినట్టు తిన్నగా ఉంది. ఆ చివర నల్లటి అంచు.

నా మొదటి ఆలోచన, గోకురాయి. ఆ రంగు, పొడుగు తోక. కెమెరాతో రెండు ఫొటోలు తీసి, వాటిలో కాస్త నయంగా ఉన్నదాన్ని ఫోన్‌లోని ఒక ఆప్‌కి చూపిస్తే అది కూడా గోకురాయి అనే అంది. ఫొటో మసగ్గా ఉంది కాబట్టి దాన్ని నమ్మలేను, నమ్మకుండానూ ఉండలేను. కానీ నాకు ఆ ఐదు ప్రశ్నల మెయిల్ గుర్తుంది. ఫోన్ జేబులో పెట్టేసి, నోట్‌బుక్ తీసి, పేరు ఆలోచించకుండా కంటికి కనబడినవి మాత్రమే రాయడం మొదలుపెట్టాను. పేరు ముందు అనుకుంటే కళ్లు ఆ పేరుకి తగ్గట్టే చూస్తాయి. అది నేను ఓసారి అనుభవించి తెలుసుకున్నదే.

ఎత్తు సుమారు నాలుగు మీటర్లు. అడ్డంగా ఉన్న కొమ్మ. ఒంటరి. నిటారు. ఏడు నిమిషాలు తల తప్ప ఏదీ కదల్లేదు.

ఈ చివరి వాక్యం దగ్గరే గోకురాయి వెళ్లిపోయింది. గోకురాయి కాకి కుటుంబంలోది. ఏడు నిమిషాలు కాదు కదా ఏడు క్షణాలు కూడా కుదురుగా ఉండదు. కొమ్మ కొమ్మకీ దూకుతూ గోల చేస్తుంది. సైజు కూడా తోకతో కలిపి అడుగున్నర పైమాటే. ఇదేమో ఒక అడుగు దాటదు. గోకురాయికి తల, మెడ మసిపూసినట్టు నల్లగా ఉంటాయి, దీనికి లేవు. దాని రెక్క మీద బూడిద కలిసిన తెల్లటి పెద్ద పట్టీ ఉంటుంది, దీనికి లేదు. తోక మధ్యనుంచి పక్కలకి మెట్లుమెట్లుగా తగ్గుతుంది, దీనిదేమో పైనుంచి చూస్తే కోసినట్టుంది.

ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావడంలో ఎంతో నిబ్బరం వస్తుంది. ‘నాకలా అనిపించింది’ అనే చోటునుంచి ‘ఇది కాదు, ఎందుకంటే...’ అనే చోటికి వస్తాం.

రెక్క మీద చూపు నిలిపాను. మడిచిన రెక్క పైభాగంలో, గోధుమరంగు మీద నల్లటి సన్నటి గీతలు అడ్డంగా, అలలు అలలుగా ఉన్నాయి. నేత చీర అంచుని దగ్గరగా చూసినట్టు. ఇంకే పక్షి మీదా అలాంటి పని నేను చూడలేదు. అది ట్రోగన్ల రెక్క. మగదానికి అదే చోట నలుపు మీద తెల్లటి గీతలుంటాయి. గోధుమరంగు గీతలుంటే ఆడపక్షి.

అప్పటికి నా మనసులో తొంభై పాళ్లు తేలిపోయింది. కానీ ముందువైపు చూడలేదు. అడుగు పక్కకి వేసి చూద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. గైడ్ నా మోచేయి పట్టుకుని ఆపాడు. ఏమీ అనలేదు, కళ్లతోనే వద్దన్నాడు.

మరో నాలుగు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి పక్షి కొమ్మ వదిలి ఎగిరింది, మాకు ఎదురుగా ఉన్న అడ్డాకు దగ్గర గాల్లో ఒక్క క్షణం రెక్కలల్లారుస్తూ నిలిచి, ఆకు అడుగునుంచి ఏదో లాక్కుని, తిరిగి కొమ్మ మీదికొచ్చింది. ఈసారి మావైపు తిరిగి కూర్చుంది.

పొట్ట ఎర్రగా లేదు. పండిన మామిడాకు పసుపు, దానికి కాస్త నారింజ. రొమ్ము గోధుమరంగు. తెల్ల పట్టీ లేదు. కంటి చుట్టూ సన్నటి నీలం వలయం. ముక్కు పొట్టిగా, వెడల్పుగా, మొదట్లో మీసాల్లాంటి వెంట్రుకలు. ఆ ముక్కులో ఒక పుల్లపురుగు, ఇంకా కాళ్లాడిస్తోంది. పక్షి తొందరపడలేదు. దాన్ని అలాగే పట్టుకుని అటూ ఇటూ తల తిప్పి చూసి, రెండు గుటకల్లో మింగేసింది. తర్వాత ముక్కుని కొమ్మకి ఓసారి ఇటు, ఓసారి అటు రుద్దుకుంది.

మలబార్ ట్రోగన్, ఆడపక్షి. తూర్పు కనుమల్లో ట్రోగన్ ఇదొక్కటే కాబట్టి ఇక వేరే జాతితో పొరబడే ప్రశ్నే లేదు.

నేను రెండేళ్లు వెతికిన ఎరుపు దీనిలో అసలు లేనే లేదు. ఆడపక్షిని చూడాలని ఎప్పుడూ అనుకోకపోవడం నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. బొమ్మల్లో మగవాటి పక్కన చిన్నగా వేసిన ఆడపక్షుల్ని మనం దాటేస్తాం. ఆ గోధుమరంగు, ఆ పసుపు, ఆ సన్నటి గీతలు చూశాక, ఇది మగదానికంటే ఒక పాలు కూడా తక్కువ అందమైనది కాదని నేను గట్టిగా చెప్పగలను.

కాళ్లు చూడాలని చాలా ప్రయత్నించాను. ట్రోగన్ల కాలివేళ్ల అమరిక ఇంకే పక్షికీ లేదు. వడ్రంగి పిట్టకి, చిలక్కి కూడా రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి. కానీ వాటికి వెనక్కి తిరిగేవి ఒకటో వేలు, నాలుగో వేలు. ట్రోగన్లకి ఒకటి, రెండు. చూసేవాళ్లకి తేడా కనబడదు, కానీ వేరే దారిలో అదే చోటికి చేరిన కాళ్లవి. పొట్ట ఈకలు వేళ్ల మీదిదాకా కప్పేశాయి. అవి చాలా చిన్న, బలహీనమైన కాళ్లు, కొమ్మ మీద నడవడానికి కూడా పనికిరావు. తిరగాలన్నా రెక్కల సాయం కావాలి. అది అంతసేపు కదలకుండా కూర్చోవడంలో వింతేముంది!

అప్పుడు వెనకనుంచి, మేము నిలబడ్డ చోటుకి ఎడమగా, ‘కర్ర్ర్’ అని వినబడింది. తల మాత్రం తిప్పాను. పదిహేను మీటర్ల దూరంలో, వాగు మీదికి ఒంగిన కొమ్మ మీద మరొకటి. వీపు మాకే. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. తల నల్లగా ఉంది. మెల్లగా, నిజంగా చాలా మెల్లగా, భుజం మీదుగా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. ఆ తిరగడంలో రొమ్ము పక్కన తెల్లటి పట్టీ అంచు కనబడింది, దాని కింద ఒక వేలెడు ఎరుపు. సరిగ్గా ఆ వేలెడు మీద ఎండ పొడ పడింది.

అంతే. మళ్లీ అటు తిరిగిపోయింది.

నేను బైనాక్యులర్స్ దించలేదు. కళ్లు తడిసి అద్దాలు మసకబారాయి. గైడ్ నా వైపు చూసి మెల్లగా నవ్వాడు. “జోడీ సారూ,” అన్నాడు. “ఇక్కడే ఎక్కడో మోడు చూసుకుంటాయి.”

పుచ్చిన మోడుని ముక్కుతో తొలిచి గూడు చేసుకుంటాయి ఇవి. ట్రోగన్ అనే పేరు కూడా, కొరికేది, తొలిచేది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది. వడ్రంగి పిట్టలాగ గట్టి చెక్కని కొట్టే ముక్కు కాదు. మెత్తబడ్డ చెక్క ఉంటేనే గూడు. రెండు నుంచి నాలుగు గుడ్లు. తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పిల్లలు ఎగరడం వచ్చాక కూడా కొన్ని నెలల పాటు మేపుతూనే ఉంటాయి. కాబట్టి పడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక ఎండుమోడు, అడవిని ‘శుభ్రం’ చేసేవాళ్ల కంటికి పనికిరాని కట్టె. దీనికి అది ఇల్లు. మేము ఆ మోడు కోసం వెతకలేదు. చూసిన చోటునుంచి వెనక్కి, వచ్చిన అడుగుల్లోనే, ఇరవై మీటర్లు నడిచాక గానీ మాట్లాడలేదు.

“అన్నా, మీరు మొదట్లో ఎలా చూశారు దాన్ని? నాకు ఎండుటాకులే కనబడ్డాయి.”

“ఎండుటాకైతే గాలికి ఊగుద్ది సారూ. అది ఊగలేదు.”

బసకి చేరాక జాబితా రాయడానికి కూర్చున్నాను. సిగ్నల్ లేదు, ఆఫ్‌లైన్‌లోనే నింపాను. సంఖ్య దగ్గర 2 వేశాను. వివరాల గడిలో నోట్‌బుక్ తెరిచి ఉన్నది ఉన్నట్టు దించాను.

‘ఆడపక్షి 1. సుమారు 4 మీటర్ల ఎత్తు, వాగు పక్క వెదురు, అడ్డతీగల నీడ. 11 నిమిషాలు వీపు మాత్రమే. తల, వీపు, రొమ్ము గోధుమరంగు, తెల్ల పట్టీ లేదు. పొట్ట నారింజ కలిసిన పసుపు. రెక్క మీద గోధుమ, నలుపు సన్నటి అలల గీతలు. తోక తుప్పు రంగు, చివర తిన్నగా, నల్ల అంచు. కంటి చుట్టూ నీలం. గాల్లో నిలిచి ఆకు అడుగునుంచి పుల్లపురుగుని తీసుకుంది. మగపక్షి 1. నల్ల తల, తెల్ల పట్టీలో కొంత భాగం, పొట్ట ఎరుపు కొద్దిగా కనబడింది. క్యూ-క్యూ కూత, కర్ర్ర్ హెచ్చరిక రెండూ విన్నాను. ప్లేబ్యాక్ వాడలేదు. ఫొటో 1, మసకగా ఉంది, వీపు మాత్రమే.’

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. చూసినవాళ్లంతా “ఏదీ పక్షి?” అని అడుగుతారు. వేలు పెట్టి చూపిస్తాను. ఒంగిన వెదురు పక్కన, కొమ్మ మీద, ఎండుటాకుల ముద్ద.